పెద్దజట్ల మీద ఆడి ఎదిగిన హైదరాబాద్ ఫుట్‌బాల్

1950 నుంచి 1965 దాకా భారత ఫుట్‌బాల్ జట్టుకు అత్యధికంగా ఆటగాళ్ళను అందించిన నగరాల్లో కలకత్తా తర్వాత చెప్పుకోవలసింది హైదరాబాద్. కలకత్తాకు సంపన్న క్లబ్బులు, వేల జనం పట్టే మైదానాలు, ఆటను రోజూ పతాక శీర్షికల్లో రాసే పత్రికలు ఉండేవి. హైదరాబాద్‌కు ఇవేవీ పెద్దగా లేవు. అకాడమీ అన్న మాట అప్పటికి దేశంలోనే లేదు. ఇక్కడి కుర్రాళ్ళు ఆట నేర్చింది స్కూలు మైదానాల్లో, స్థానిక లీగ్‌లో, ప్రాక్టీస్ మ్యాచుల్లో, తమకంటే వయసులోనూ ఒడ్డూపొడుగులోనూ పెద్దవాళ్ళకు ఎదురు నిలిచి. పదహారేళ్ళ వాడు పోలీసు జట్టు డిఫెండర్‌నో, కంటోన్మెంట్ సిపాయినో దాటుకుని బంతి తీసుకెళ్ళవలసి వచ్చిన ఆ ఏర్పాటు ఎలా పుట్టిందో, ఎందుకు ఫలించిందో, ఎక్కడ తెగిపోయిందో చూస్తే హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్రలో సగం తెలుస్తుంది.

మూసీకి దక్షిణ ఒడ్డున హైకోర్టు భవనం పక్కన ఉన్న సిటీ కాలేజీ ఈ కథలో మొదటి చోటు. సిటీ హైస్కూలుగా ఉన్న సంస్థ 1921లో విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన ఇప్పటి భవనంలోకి మారింది. 1929 నుంచి సిటీ కాలేజీ అయింది. చదువు ముగించుకున్నవాళ్ళు ఆట మానలేక పెట్టుకున్న సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్ జట్టు హైదరాబాద్ లీగ్‌లో పేరున్న జట్టుగా నిలిచింది. పూర్వ విద్యార్థుల జట్టు అంటే అందులో నిన్న మొన్న కాలేజీ విడిచినవాడూ ఉంటాడు, ఉద్యోగంలో చేరి పదేళ్ళయినవాడూ ఉంటాడు. అలాంటి జట్టులోకి వచ్చే కొత్త కుర్రాడికి వయోభేదం లేని ఆట మొదటి రోజునుంచే అలవాటవుతుంది. పాతబస్తీలోని దారుల్ ఉలూమ్ పాఠశాల, నది అవతలి చాదర్‌ఘాట్ హైస్కూలు, కాచిగూడ మిడిల్ స్కూలు కూడా ఈ కథలోవే. వాటిలో పాఠాలు చెప్పిన ఒక మాస్టారే దీనికి కేంద్రం.

పాతబస్తీ దక్షిణపు కొసన ఉన్న బార్కస్ ఇంకో రకం చోటు. నిజాం కొలువులోని అరబ్ సైనికుల బారకాసులే ఆ పేటకు పేరిచ్చాయి. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన ఆ కుటుంబాల వారిని నగరం చావుష్‌లని పిలిచింది. 1948లో నిజాం పాలన ముగిసి సైన్యం రద్దయ్యాక కొలువులు పోయినా బార్కస్ మైదానంలో ఫుట్‌బాల్ మాత్రం ఆగలేదు. ఒకే మైదానంలో తండ్రులూ కొడుకులూ ఆడుకునే పేటల్లో జట్లను వయసును బట్టి కాక దొరికినవాళ్ళను బట్టి పంచుకుంటారు. గల్లీ ఆటకు ఎక్కడైనా ఇదే పద్ధతి. హైదరాబాద్ ప్రత్యేకత దీన్ని గల్లీ దగ్గరే వదిలేయకుండా నగర ఫుట్‌బాల్ వ్యవస్థలోకి తీసుకెళ్ళడం.

పెద్దజట్ల మొదటి నమూనా కంటోన్మెంట్ నుంచి వచ్చింది. సికింద్రాబాద్, తిరుమలగిరి, బొల్లారంలలో ఉన్న బ్రిటిష్ పటాలాలు బూట్లు వేసుకుని, బలంగా, పొడవాటి పాసులతో ఆడేవి. స్థానికులు ఎక్కువగా ఉత్తకాళ్ళతో ఆడేవారు. దేహబలంలో సాటి రాలేనివాడికి మిగిలే దారి బంతిని నేల మీదే ఉంచి, ఎదుటివాడు దగ్గరికి చేరేలోపు పక్కవాడికి అందించడం. తర్వాత్తర్వాత హైదరాబాద్ శైలి అని పేరుపడిన పొట్టి పాసుల ఆటలో ఈ బలహీనుడి తెలివి చాలా ఉంది. పిల్లవాడు పెద్దవాడి మీద ఆడినప్పుడు నేర్చుకునేదీ సరిగ్గా ఇదే.

1939లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం ఏర్పడింది. రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ చేసిన ఎస్.ఎం. హాదీ దాని తొలి సారథుల్లో ఒకరు. ఆయన డేవిస్ కప్ టెన్నిస్ ఆడారు, ఫుట్‌బాల్ ఆడారు, ఇంకా చాలా ఆడారు. ఆ కారణంగానే ఆయనకు 'రెయిన్‌బో హాదీ' అన్న పేరు. అదే కాలంలో సిటీ అఫ్గాన్స్ అనే జట్టు నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రూపుదిద్దుకుంది. 1943లో బెంగళూరులో యాష్ గోల్డ్ కప్ గెలవడంతో అది మొదటిసారి నగరం బయట వినబడింది.

ముందు చెప్పిన ఆ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, ఆ జట్టుకు ఆడి, బడిపంతులుగా స్థిరపడ్డ మనిషి. 1940ల తొలి ఏళ్ళలో ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టు కోచ్. 1963లో కన్నుమూసే దాకా ఈ రెండు బాధ్యతలూ ఆయనవే. భారత జట్టు కోచ్‌గా ఆయన చేసిన పని అందరికీ తెలిసిందే కనుక దాని ముందు ఈ స్థానిక పదవులు చిన్నవిగా కనిపిస్తాయి. యువకుల తయారీ వరకు మాత్రం అసలు కీలకం వీటిలోనే ఉంది. పిల్లల టోర్నమెంట్లు ఎలా జరగాలో నిర్ణయించేది ఆయనే, లీగ్ నడిపేది ఆయనే, నగరంలో అన్నిటికంటే బలమైన జట్టుకు శిక్షణ ఇచ్చేదీ ఆయనే. బడిలో బంతి తన్నే పిల్లవాడికీ, దేశవ్యాప్తంగా పేరున్న పోలీసు ఆటగాడికీ మధ్య ఉన్న మెట్లన్నీ ఒకే మనిషి కంటి ముందు ఉండేవి. ఎవరిని ఎప్పుడు ఏ మెట్టు ఎక్కించాలో చెప్పగల స్థానం అప్పట్లో దేశంలో మరెవరికీ అంతగా లేదు. ఒక్కడి మీద ఇంత భారం మోపిన ఏర్పాటు ఆ ఒక్కడు పోయాక నిలబడదన్న సంగతి 1963 తర్వాత తేలింది.

కుర్రాళ్ళ కోసం రహీం పెట్టిన పోటీల నిబంధనలు విచిత్రంగా ఉండేవి. ఒక టోర్నమెంట్‌లో బంతిని ఒక్కసారి మాత్రమే తాకాలి: ఆపి చూసుకునే వీలు లేదు, వచ్చింది వచ్చినట్టే పాస్ ఇవ్వాలి. మరో దానిలో అలవాటైన కాలితో తన్నకూడదు, కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. ఇంకోదానిలో డ్రిబ్లింగ్ నిషేధం. వీటిని సాధారణంగా నైపుణ్య శిక్షణగా వివరిస్తారు. ఆ మాట నిజమే కానీ వీటికి ఇంకో గుణమూ ఉంది. బంతిని ఒక్కసారే తాకాలన్న చోట భుజబలం పనిచేయదు, ఎందుకంటే భుజం ఆనించేలోపు బంతి వెళ్ళిపోయి ఉంటుంది. డ్రిబ్లింగ్ కుదరనప్పుడు పదేళ్ళ అనుభవంతో అబ్బిన కాలి మాయ అక్కరకు రాదు. ఎడమకాలితోనే తన్నవలసి వస్తే ఒలింపియన్ కూడా బడిపిల్లవాడి పక్కకు వచ్చి నిలబడతాడు. అంటే పెద్దల చేతిలోని ఆయుధాలను ఒక్కొక్కటిగా పక్కన పెట్టించి, ముందుచూపు, చోటు వెతుక్కోవడం, త్వరగా తేల్చుకోవడం అనే మూడింటి మీదే పోటీ నడిపించే నిబంధనలివి. చిన్నవాణ్ణి పెద్దవాళ్ళ మధ్య దింపి దెబ్బ తగలకుండా నేర్పించాలంటే ఇంతకంటే మంచి ఉపాయం దొరకడం కష్టం. తర్వాతి దశాబ్దాల్లో ఐరోపా శిక్షణ పుస్తకాల్లో చేరిన అభ్యాసాలు ఒక స్కూలు మాస్టారి టోర్నమెంట్ నియమావళిలో అప్పటికే ఉన్నాయి.

పై మెట్టు సిటీ పోలీస్. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ ఈ జట్టుదే. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చుకుంది. 1954లో, 1957లో మళ్ళీ గెలిచింది. రాష్ట్రాల పునర్విభజన తర్వాత పేరు మార్చుకుని ఆంధ్రా పోలీస్‌గా 1961లోనూ అదే కప్ సాధించింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, ఎస్.కె. మొయిన్, ఆంథోనీ పాట్రిక్, అహ్మద్ హుస్సేన్, యూసుఫ్ ఖాన్ వంటి వారు ఆడిన జట్టు అది. ఇలాంటి జట్టు ఊళ్ళోనే ఉండి, అదే లీగ్‌లో ఆడుతుండడం వల్ల కుర్రాళ్ళకు రెండు లాభాలు కలిగాయి. దేశంలో అత్యున్నత స్థాయి ఆట ఎంత వేగంగా ఉంటుందో తెలుసుకోవడానికి బొంబాయి, కలకత్తా రైలెక్కనక్కర్లేదు, లీగ్ మ్యాచ్‌లో ఎదురుపడితే చాలు. రెండోది ఉద్యోగం. బాగా ఆడితే పోలీసు శాఖలో కొలువు దొరికేది. నిజాం సంస్థానం పోయి, సైన్యం, జాగీర్లు, దివాణపు పనులు ఒక్కసారిగా మాయమైన 1950ల పాతబస్తీలో నెలజీతం ఎంత పెద్ద ఆకర్షణో వేరే చెప్పనక్కర్లేదు. పోలీసు జట్టు మీద ఆడే మ్యాచ్ కుర్రాడికి ఒకవిధంగా ఉద్యోగ పరీక్షే. ఓడిపోయినా పరవాలేదు, కంటబడితే చాలు.

ఈ పద్ధతిలో ఎదిగినవాళ్ళలో తులసీదాస్ బలరాంది అందరికంటే స్పష్టమైన కథ. ఆయనది పాతబస్తీ కాదు, సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. తమిళ కుటుంబం, పేదరికం. పద్దెనిమిదేళ్ళు నిండీ నిండకముందే ఆర్మీ కంబాట్ ఫోర్స్ జట్టులో సిపాయిల సరసన ఆడారు, తర్వాత రైడర్స్ క్లబ్బు తరఫున నగర లీగ్‌లోకి వచ్చారు. అక్కడ ఆయన ఆట చూసిన రహీం హైదరాబాద్ జట్టు ఎంపిక శిబిరానికి రమ్మన్నారు. రోజూ అంతదూరం రావడానికి డబ్బులు లేవని చెబితే సైకిల్ ఖర్చు రహీమే పెట్టుకున్నారని బలరాం తర్వాతి కాలంలో చెప్పుకునేవారు. శిబిరంలో ఆయన చుట్టూ ఉన్నవాళ్ళంతా రోవర్స్, డ్యూరాండ్ గెలిచి వచ్చినవాళ్ళు. ఆ ఏడాదే, అంటే 1956లో, హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. కొద్ది నెలలకే ఇరవై ఏళ్ళ బలరాం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఉన్నారు. లీగ్ మైదానం నుంచి ఒలింపిక్స్ దాకా ఆయన ప్రయాణంలో వయోపరిమితి ఉన్న జట్టు ఒక్కటీ అడ్డురాలేదు. అన్నీ పెద్దల జట్లే.

రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్‌తో మొదలుపెట్టి పోలీసు జట్టు మీదుగా 1960 రోమ్ ఒలింపిక్ బృందంలో చోటు సంపాదించారు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ కూడా అయ్యారు. జుల్ఫికరుద్దీన్ 1956 ఒలింపిక్స్‌కు, యూసుఫ్ ఖాన్ 1960 ఒలింపిక్స్‌కూ 1962 జకార్తా ఆసియా క్రీడలకూ వెళ్ళారు. ఆ వరసలో చివరి పెద్దపేరు మహమ్మద్ హబీబ్. 1949లో పుట్టిన ఆయన పదహారేళ్ళకే సంతోష్ ట్రోఫీ గెలిచిన 1965-66 ఆంధ్రప్రదేశ్ జట్టులో ఉన్నారు. ఆ వయసు పిల్లలు ఇప్పుడైతే పాఠశాలల పోటీల్లో ఆడుతుంటారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్ళలో హబీబ్ ఒకరు. పేరుమోసిన ప్రత్యర్థిని చూసి జంకని స్వభావం ఆయనకు పదహారేళ్ళ నాటి అలవాటే అనుకోవడంలో తప్పులేదు.

బలమైన జట్టు మీద ఆడితే చాలు ఎవరైనా ఎదుగుతారని దీన్నిబట్టి అనుకోకూడదు. దానికి రుజువు రహీం జీవితంలోనే ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు యుగొస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. చలిలో, తడి నేల మీద, చాలామంది ఉత్తకాళ్ళతో ఆడారు. ప్రపంచ ఫుట్‌బాల్‌లో అప్పటి భారత్ పెద్దల మైదానంలో దిగిన పసివాడే. అంత అంతరం ఉన్న మ్యాచ్ నేర్పేది తక్కువ, నలిపేది ఎక్కువ. అయితే ఆ దెబ్బ తర్వాత దేశీయ పోటీల్లో బూట్లు తప్పనిసరి అయ్యాయి, ఆటలో స్థానాల కూర్పు మారింది. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్ సెమీఫైనల్లో అదే యుగొస్లావియాతో భారత్ 4-1తో ఓడింది. 1960లో రోమ్‌లో హంగరీకి 2-1 దాకా ఎదురు నిలిచింది. గెలుపు రాలేదు, తేడా మాత్రం తగ్గుతూ వచ్చింది. అసమాన పోటీ మేలు చేసిందా కీడు చేసిందా అన్నది స్కోరు కంటే ఈ తగ్గుదలే బాగా చెబుతుంది.

యువకుల విషయంలో శిక్షకులు పాటించే జాగ్రత్తలూ ఇలాంటి అనుభవాల నుంచే వస్తాయి. పెద్దలతో ఆడే కుర్రాడికి బంతి కాలి దగ్గర ఉంచుకునే సమయం బాగా తగ్గుతుంది. దాంతో బంతి అందకముందే తలెత్తి చూడడం, తరువాతి పాస్ ఎవరికో ముందే అనుకోవడం అలవాటవుతాయి. తన ఈడువాళ్ళ మధ్య ఒడ్డూపొడుగు వల్లనో పరుగు వల్లనో నెగ్గుకొచ్చేవాడికి ఆ రెండూ పనిచేయని చోటు దొరుకుతుంది. త్వరగా ఎదిగిన పిల్లలు చిన్నప్పుడు మెరిసి పెద్దయ్యాక కనుమరుగు కావడం ఫుట్‌బాల్‌లో మామూలే. వాళ్ళకు ఇది అందరికంటే ఎక్కువ అవసరం. ఎముకలు ఇంకా ముదరని పద్నాలుగేళ్ళ వాడికి ఇదే ప్రమాదం. అందుకే ఫలితంతో పని లేని ఫ్రెండ్లీ మ్యాచ్‌కు ఇక్కడ విలువ. సీనియర్ జట్టు మోటు ట్యాకిల్స్ మానుకుంటుంది, కోచ్ మధ్యలో ఆట ఆపి మాట్లాడగలడు, కుర్రాళ్ళను పావుగంట ఆడించి దించేయవచ్చు. పట్టికలో పాయింట్లు పోతాయన్న బెంగ ఉన్న చోట ఇవేవీ కుదరవు. ఇప్పుడు కొన్ని ఐరోపా అకాడమీలు పుట్టిన సంవత్సరాన్ని పక్కన పెట్టి శరీర పరిణతిని బట్టి జట్లు కడుతున్నాయి. గల్లీలో కెప్టెన్లు కంటిచూపుతోనే చేసే పనిని అవి కొలబద్దలతో చేస్తున్నాయి.

1960లలో దేశవ్యాప్తంగా గాలి మారింది. పాఠశాలలకు సుబ్రతో కప్ 1960లో మొదలైంది, జూనియర్ల జాతీయ పోటీకి బి.సి. రాయ్ ట్రోఫీ 1962లో వచ్చింది. వయసువారీ పోటీలు చిన్న పట్టణాల పిల్లలకు తలుపు తెరిచాయి, అందులో సందేహం లేదు. కానీ వాటితో కుర్రాళ్ళు కుర్రాళ్ళతోనే ఆడే కాలం మొదలైంది. హైదరాబాద్‌లో ఈ మార్పు చెడ్డ సమయంలో వచ్చింది. 1962 సెప్టెంబరులో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన రహీం, అప్పటికే క్యాన్సర్‌తో ఉండి, 1963 జూన్ 11న మరణించారు. అప్పటికే బలరాం ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయి ఉన్నారు. 1966లో హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ అదే దారి పట్టారు. కలకత్తా క్లబ్బులిచ్చే సొమ్ము ముందు పోలీసు జీతం నిలవలేదు. మంచి ఆటగాడు ఊరు విడిచినప్పుడు జట్టు బలం తగ్గడం పైకి కనిపించే నష్టం. లీగ్‌లో కుర్రాళ్ళకు ఎదురు నిలిచే పెద్దవాడు లేకపోవడం కనబడని నష్టం, అదే ఎక్కువకాలం బాధించింది. ఫతే మైదాన్‌లో 1955లోనే టెస్ట్ క్రికెట్ మొదలైంది. లాల్ బహదూర్ స్టేడియంగా పేరు మారాక ఆ మైదానం జనం మనసులో క్రికెట్‌దే అయిపోయింది. పాతబస్తీలో ఖాళీ జాగాలు ఇళ్ళుగా మారాయి.

పాత ఒరవడి ఒక్కసారిగా ఆగిపోలేదు. 1974లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా యువజన పోటీలో ఇరాన్‌తో కలిసి సంయుక్త విజేతగా నిలిచిన భారత జట్టుకు కెప్టెన్ హైదరాబాద్ కుర్రాడు షబ్బీర్ అలీ. నగర లీగ్ రహీం లీగ్ అన్న పేరుతో నడిచింది. కానీ దేశంలో అగ్రస్థాయి జట్టు ఊళ్ళో లేని లీగ్‌లో పైమెట్టు ఎత్తు తగ్గిపోయింది.

దేశం ఈ పద్ధతిని మళ్ళీ పట్టుకున్నది 2010లో. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇరవై ఒక్క ఏళ్ళలోపు ఆటగాళ్ళతో ఒక జట్టు కట్టి నేరుగా ఐ-లీగ్‌లో సీనియర్ క్లబ్బుల మీదికి పంపింది. ఇండియన్ ఆరోస్ అన్న పేరుతో ప్రసిద్ధమైన ఆ జట్టు 2013లో ఆగిపోయి, 2017లో అండర్-17 ప్రపంచకప్ ఆడిన పిల్లలతో మళ్ళీ మొదలైంది. ప్రపంచకప్‌లో భారత్ కొట్టిన ఒకే ఒక్క గోల్ చేసిన జీక్సన్ సింగ్ కూడా అందులో ఉన్నారు. తొలి మ్యాచ్‌లో చెన్నై సిటీని 3-0తో గెలిచినా ఆ సీజన్ చివరికి పట్టికలో అట్టడుగునే ఉంది. ఓటమిని ముందే ఒప్పుకుని కట్టిన జట్టది. రహీం స్థానికంగా మెట్లుమెట్లుగా చేసిన పనిని సమాఖ్య ఒకే మెట్టులో చేయబోయింది. పాతబస్తీ కుర్రాడు కొన్ని రోజులు పెద్దల మీద, మిగతా రోజులు తన ఈడువాళ్ళతో ఆడేవాడు. ఆరోస్ పిల్లలకు సీజన్ పొడవునా పెద్దలే. అయినా ఫలితం రాకపోలేదు. ఆరోస్‌లో ఆడిన ఆకాశ్ మిశ్రా, రోహిత్ దాను తర్వాత హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చారు. 2019లో ఏర్పడిన ఆ క్లబ్బు 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆరోస్‌ను మాత్రం సమాఖ్య 2022లో రద్దు చేసింది.

హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా కొంతకాలం అదే దారిలో నడిచింది. 2021 డ్యూరాండ్ కప్‌కు ప్రధాన జట్టుకు బదులు రిజర్వ్ కుర్రాళ్ళను పంపింది. 1950లో సిటీ పోలీస్ మోహన్ బగాన్‌ను గెలిచిన పోటీలో, డెబ్బై ఏళ్ళ తర్వాత నగరం పేరు మీద ఆడినవాళ్ళు సైనిక జట్లకు ఎదురు నిలిచిన పిల్లలు. అయితే ఆ క్లబ్బు అప్పుల్లో కూరుకుపోయి, యాజమాన్యం మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. నగరంలోని యువజట్లకు ఎదురు నిలవగల ప్రొఫెషనల్ సీనియర్ జట్టుగా, 2021లో ఐ-లీగ్‌లో చేరి శివారులోని డెక్కన్ ఎరీనాలో ఆడుతున్న శ్రీనిధి డెక్కన్ మిగిలింది.